అరిచే కర్ర

లచ్చయ్య సారును ఇంగ్లీషు మాటకు అర్థమడిగితే తెలుగు మాట చెప్పడు, బొగ్గుబావి సంగతి చెప్తాడు. పంతులు కాకముందు పన్నెండేళ్ళు భూమి కింద పనిచేసిన మనిషి మరి, నిఘంటువు కంటే ముందు ఆయనకు బావే గుర్తొస్తుంది.

ఆయన దగ్గర చదువుకుని తానూ టీచరైన సుగుణ ఆ ఆదివారం ఒక కాయితం పట్టుకుని వచ్చింది. ఆమె తరగతి గది దూలం పగిలింది. పిల్లలు మధ్యాహ్నం అన్నం తినేది దాని కిందే. హెడ్మాస్టరు పగులు మీద సున్నం పూయించి, గది భద్రంగా ఉందని సంతకం పెట్టమన్నాడు. "బడికి సపోర్ట్ చెయ్యాలమ్మా, నోరు చేసుకోవద్దు" అన్నాడట. మూడు రోజులుగా సుగుణకు ముద్ద దిగడం లేదు.

"సార్, సపోర్ట్ చేసుడంటే అసలు ఏంది?"

లచ్చయ్య సారు చాయ్ గ్లాసు కింద పెట్టి మొదలుపెట్టాడు.

బావిలో పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టేవాడు రాజలింగు; వాటినే సపోర్టులనేవాళ్ళు. మీద గుట్ట బరువు దిగుతుంటే అవి కిర్రుకిర్రుమనేవి. కొత్తవాళ్ళకు గుండె జారేది. పాతవాళ్ళు మాత్రం వెతికి వెతికి, బాగా అరిచే కర్ర పక్కనే కూర్చుని సద్ది తినేవాళ్ళు. అరుపు మారితే గుట్ట కూలబోతోందని ముందే తెలుస్తుందని, అదక్కడి ఆచారం.

ఇంతలో కొత్త సూపర్‌వైజరు వచ్చాడు. ఆ ఏడుపు వినడం తన వల్ల కాదని కర్రలన్నీ పీకించి ఇనుప స్తంభాలు పెట్టించాడు. మర్నాడు దిగితే ఎవరి ఊపిరి వాళ్ళకు వినపడింది. అమ్మో, ఏం నిశ్శబ్దమది! "గుట్ట మనల్నే చూస్తాంది" అన్నాడు రాజలింగు. సద్ది ముట్టకుండా, స్తంభాల మధ్య ఒక్క కర్ర తెచ్చి బిగించాడు. సూపర్‌వైజరు నవ్వి, ఇనుము పక్కన కూర్చుని తన డబ్బా తెరిచాడు.

కాసేపటికి ఆ కర్ర అరిచింది. తల్లి తప్పిపోయిన పిల్లలా అరిచింది. ఇనుము ఉలకలేదు, పలకలేదు. సూపర్‌వైజరు తప్ప అందరూ బతుకుజీవుడా అని ఉరికారు, లచ్చయ్యతో సహా. "మీరు నడువుండ్రి, ఆయన్ని తీస్కొస్త" అని రాజలింగు వెనక్కి తిరిగాడు. గుట్ట దిగింది. ఇద్దరూ రాలేదు. ఆ దారికి గోడ కట్టేశారు.

"ఆ గోడకు చెవి పెడితే లోపల కర్ర ఇనబడేది బిడ్డా. నేను పని మానిన రోజు గూడ ఇన్న."

సుగుణ దగ్గరికి జరిగింది. "అంత కూలినంక కర్ర ఎట్ల మిగుల్తది సార్?"

"మేమెవ్వలం అడగలే. ఆగి, ఇని, పక్క దారిల పోయెటోళ్ళం."

సుగుణ కాయితం ఆయన ముందుకు చాపింది. "సంతకం పెట్టకుంటే నా నౌకరి పోతది సార్" అంది. ఏడుపు ఆగలేదు.

లచ్చయ్య సారు పెట్టమనలేదు, వద్దనలేదు. చల్లారిన చాయ్ అందుకుని అన్నాడు:

"అరవని కర్ర కింద మేమెన్నడూ సద్దిమూట ఇప్పలే బిడ్డా."