గవరమ్మ చిమ్మిలికి ఏడూళ్ల దండోరా

రాజుల కాలం నాటి మాట లెండి. సంతలో గానుగ పక్కన మూలగా కూర్చుని గవరమ్మ నువ్వుల చిమ్మిలి ఉండలు అమ్మేది. కేకేస్తేనే బేరం. ఆ కేకలకు కునుకు చెడిన సంతాధికారి పానకాలరాయుడు, "మళ్లీ నోరెత్తావో, గంప లాగేస్తా!" అన్నాడు.

గవరమ్మ దణ్ణం పెట్టి, "చిత్తం బాబూ. కానీ ఈ ఆజ్ఞ నా పేరూ చోటూ సరుకూ విడమరిచి చాటిస్తేనే కదా, మిగతావాళ్లకూ తమరంటే భయం!" అంది.

రాయుడు మీసం దువ్వి ఏడూళ్లలో దండోరా వేయించాడు. "గానుగ పక్కన నువ్వుల చిమ్మిలి అమ్మే గవరమ్మ ఇకపై కేకలు వేయరాదహో!"

మరుసటి సంతకు జనం విరగబడ్డారు. రాయుడు ఊగిపోతూ వచ్చి, "ఏమే, మళ్లీ అరిచావా?" అన్నాడు.

"నాకెందుకు బాబూ ఆ శ్రమ? తమరే ఏడూళ్లలో అరిపించారు కదా!" అంటూ గవరమ్మ, గంపలో మిగిలిన ఒక్క ఉండా ఆయన చేతిలో పెట్టింది.