ఎడమకు తిప్పితే ఆగే బండి

సాంబయాచారి గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేవారు, లేకపోతే అడిగినవాడికే ఏదో ఒక పని పురమాయించేవారు. ఒకప్పుడు ఎడ్లబండ్లకు చక్రాలు చేసిన మనిషి. డెబ్బై దాటాక బాడిసె పక్కన పెట్టారు గానీ, కంభం చెరువు దిగువనున్న ఆ పల్లెలో ఆయన ఇంటి ముందరి రేకుల పంచకు ఆదివారం ఆదివారం పదిమంది చేరేవారు. తత్వాలు పాడుకునేవారు, తోచింది అడిగేవారు. ఆయన జవాబు కొందరికి ఆ పూటే అందేది. కొందరికి ఏడాది పట్టేది.

అలా వచ్చేవారిలో ఓబులేశు ఒకడు. కొండవాలులో ఉన్న ఒక పల్లెలో పాలకేంద్రం నడిపేవాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఆరేళ్ళుగా శిష్యుడు. ఒక వేసవి ఆదివారం అతను రావలసిన వేళకు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయి ఉంది. మోటారుసైకిలు దారిలో మూడుసార్లు ఆగిపోయిందని చెప్పాడు. నెల రోజులుగా ఇదే వరస. ముగ్గురు మెకానిక్కులకు చూపించాడు. ఒకడు ప్లగ్గు మార్చాడు, ఒకడు కార్బొరేటరు విప్పి కడిగాడు, ఇంకొకడు కొత్త బ్యాటరీయే వేశాడు. షాపు ముందు నిలబెట్టి స్టార్టు చేస్తే వంక పెట్టడానికి ఉండదు. ఊరి దారి పట్టేసరికి ప్రాణం వదిలేస్తుంది.

అప్పటికి మిగతావాళ్ళు వెళ్ళిపోయారు. సాంబయాచారి గారు ఒక పాత కొడవలికి కొత్త పిడి బిగిస్తూ కూర్చున్నారు. ఓబులేశు కాసేపు మంచినీళ్ళు తాగి, కండువాతో మొహం తుడుచుకుని, నెల రోజులుగా మనసులో నానుతున్న మాట బయటపెట్టాడు.

"అయ్యవారూ, ఇక్కడ కూర్చున్నంతసేపూ నా మనసు కుదురుగా ఉంటుంది. మా ఇంటి గడప తొక్కగానే చెదిరిపోతుంది. ఇంక అటు పోకుండా మీ దగ్గరే ఉండిపోతే తప్పా?"

తొందరపడి అడిగిన ప్రశ్న కాదది. అన్నీ ఆలోచించుకునే వచ్చాడు. కూతురికి పెళ్ళయింది. కొడుకు ఒంగోలులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. పాలకేంద్రం పని భార్య సుంకులమ్మకు అతనికంటే బాగా వచ్చు. అతన్ని పట్టి పీడిస్తున్నదల్లా తమ్ముడు నాగశేషు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. నాలుగేళ్ళుగా మాటల్లేవు. తల్లి దినాల నాడు నలుగురి ముందూ తమ్ముడు ఒక మాట అన్నాడు. ఆ మాట ఏమిటో ఓబులేశు గురువుగారికి కూడా చెప్పలేదు. తెల్లవారి గోడ అవతల తమ్ముడి దగ్గు వినబడితే చాలు, ఆ మాట గుర్తుకొచ్చేది. ఇంక ఆ రోజంతా పాడైపోయేది. పాలు పోసే ఆడవాళ్ళ మీద కసురుకునేవాడు. భార్య పెట్టిన అన్నం సగంలో వదిలి లేచేవాడు.

సాంబయాచారి గారు పిడి బిగించడం పూర్తి చేసి, కొడవలిని వెలుతురుకు ఎత్తి చూసుకుని, బండి ఎక్కడెక్కడ ఆగిందని అడిగారు. ఓబులేశుకు మనసు చివుక్కుమంది. తను అడిగిందేమిటి, ఆయన అడుగుతున్నదేమిటి? అయినా చెప్పాడు. నీళ్ళ వంక దిగేచోట ఒకసారి, రాళ్ళ మలుపులో ఒకసారి, ఊరి బయట గుంతల్లో ఒకసారి. తారురోడ్డు మీద మాత్రం ఒక్కసారి కూడా ఆగలేదు.

"అయితే పద, కంభం పోదాం. దస్తగిరికి చూపిద్దాం," అని ఆయన కండువా భుజాన వేసుకున్నారు.

దస్తగిరిది కంభంలో బస్టాండు వెనక చిన్న రేకుల షెడ్డు. ఇంజను పని ముట్టుకోడు. వైర్లు, లైట్లు, సెల్ఫులు, అంతవరకే. బండిని స్టాండు వేసి స్టార్టు చేశాడు. అది తడబడకుండా నడిచింది. అయిదు నిమిషాలైనా అలాగే నడుస్తూ ఉంది. ఓబులేశుకు చిన్నతనమనిపించింది. రోగి డాక్టరు ముందు కూర్చోగానే జ్వరం తగ్గిపోయినట్టుగా ఉంది వ్యవహారం. ఇప్పుడు బాగానే ఉందని, పోనీ ఇంకో రోజు చూద్దామని అతనే అన్నాడు.

"నీడ పట్టున నిలబెడితే ఏ బండైనా బాగానే ఉంటాదన్నా," అన్నాడు దస్తగిరి. "నడిచేటప్పుడు కదిలించి చూడాల. ఏడ చేయి పెడితే ఆగిపోతాదో అదే దాని జబ్బు."

అతను ఇంజను ఆపలేదు. బండి పక్కన పీట వేసుకుని కూర్చుని, వెనక దీపం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్క వైరునూ వేళ్ళతో పట్టుకుని మెల్లగా ఊపుతూ వచ్చాడు. సీటు కింద ఏమీ కాలేదు. బ్యాటరీ దగ్గర, ట్యాంకు కింద కూడా ఏమీ కాలేదు. ఓబులేశు నిలబడి నిలబడి విసుగెత్తి, వైర్లన్నిటికీ గట్టిగా టేపు చుట్టేస్తే సరిపోదా అన్నాడు. ఇంతకుముందు ఎవరో ఆ పని చేసే ఉన్నారని, అందుకే జబ్బు లోపల దాక్కుందని దస్తగిరి తల ఎత్తకుండానే చెప్పాడు. సాంబయాచారి గారు బల్ల మీద కూర్చుని అంతా శ్రద్ధగా చూస్తున్నారు. వడ్రంగికి ఎదుటివాడి చేతిపని చూస్తూ కూర్చోవడంలో ఒక సుఖం ఉంటుంది.

చివరికి దస్తగిరి లేచి హ్యాండిలు పట్టుకుని కుడివైపు తిప్పాడు. ఇంజను నడుస్తూనే ఉంది. ఎడమవైపు పూర్తిగా తిప్పాడు. ఠక్కున ఆగిపోయింది. నేరుగా పెట్టి కిక్కు కొడితే మళ్ళీ అందుకుంది. ఎడమకు తిప్పితే మళ్ళీ ఆగింది. తారురోడ్డు మీద హ్యాండిలు అంతగా తిరిగే పనే లేదు. గుంతల్లో, మలుపుల్లో తిరుగుతుంది. ముగ్గురు మెకానిక్కులూ బండిని నేరుగా నిలబెట్టే చూశారు.

ముందరి దీపం విప్పి, హ్యాండిలు మెడ దగ్గర వంగి వెళ్ళే వైర్ల కట్ట బయటికి లాగాడు. దాని మీద టేపు నాలుగు పొరలుగా చుట్టి ఉంది. ఎండకు జిగురు కరిగి మసిలాగా చేతికి అంటుకుంది. పొరలు విప్పితే లోపల ఒక నల్ల వైరు. చూడటానికి తొడుగు చెక్కుచెదరలేదు. దాన్ని బొటనవేలితో వంచి, ఇక్కడ ముట్టుకోమని ఓబులేశుకు చూపించాడు. తొడుగు లోపల ఏమీ లేనట్టు మెత్తగా తగిలింది. బ్లేడుతో గీసి తెరిస్తే రాగితీగలన్నీ తెగి ఉన్నాయి. రెండు పోగులు మాత్రం ఒకదానికొకటి ఆనుకుని ఇన్నాళ్ళూ బండిని నడిపించాయి.

దస్తగిరి ఆ ముక్క కత్తిరించి పారేశాడు. రెండువైపులా పచ్చగా చిలుము పట్టిన రాగిని ఎర్రబడేదాకా గీశాడు. కొత్త తీగ కలిపి మెలిపెట్టి, టంకం వేసి, గొట్టం తొడిగాడు. మెడ దగ్గర బిగలాగకుండా వంపులో కాస్త వదులు ఉంచి కట్టాడు. హ్యాండిలు ఎడమకూ కుడికీ పదిసార్లు తిప్పి చూశాడు. ఇంజను ఆగలేదు. అయినా తన మాట నమ్మవద్దని, ఇద్దరెక్కి ఎక్కడ ఆగిందో ఆ దారినే పోయి చూసుకొమ్మని చెప్పి పంపాడు.

"మీ ఊరి దారే గదా ఆగింది. అటే పోదాం," అన్నారు సాంబయాచారి గారు, వెనక సీటు మీద సర్దుకుని కూర్చుంటూ.

ఓబులేశుకు అప్పుడు అనుమానం వచ్చింది గానీ, బండి ముందుకు పోనిచ్చాడు. తారురోడ్డు దిగి రాళ్ళదారి పట్టారు. వంక దగ్గర బండి ఆగలేదు. రాళ్ళ మలుపులో హ్యాండిలు పూర్తిగా ఎడమకు తిరిగింది, అయినా ఆగలేదు. ఊరి బయట గుంతలు దాటగానే ఓబులేశు బండి వెనక్కి మళ్ళించబోయాడు. గురువుగారు అతని భుజం మీద చేయి వేసి, మీ తమ్ముడి చేను ఎటువైపు అని అడిగారు.

నాగశేషు బోరు దగ్గర మిరపనారుకు నీళ్ళు కడుతున్నాడు. పార పట్టుకునే నిలబడ్డాడు. అయ్యవారికి దణ్ణం పెట్టాడు గానీ అన్న మొహం చూడలేదు. కానుగచెట్టు నీడలో కూర్చోమని ఆయనకు మాత్రమే చెప్పాడు. ఆయన కూర్చున్నారు. ఓబులేశు బండిని పట్టుకునే నిలబడ్డాడు. ఆ తర్వాత నాగశేషు ఆయనతోనే అన్నాడు, అన్నకు వినబడేలాగ.

"అయ్యవారూ, ఆ రోజు మా అమ్మ పెద్దోడేడని అడుగుతానే పోయింది. పదకొండుసార్లు ఫోను చేసినా. ఆపేసుకున్నాడు. యాడికి పోయినాడో సుంకులమ్మ వదినకు గూడా తెలీదు. దినాల నాడు నేనన్న మాట ఇదే. ఇందులో అబద్ధముంటే మీరు చెప్పండి."

ఓబులేశుకు ఎప్పటిలాగే చెప్పడానికి జవాబులు వరసగా నిలబడ్డాయి. అమ్మకు అంత ముంచుకొచ్చిందని ఎవరికి తెలుసు? తత్వాలు పాడుకునే చోట ఫోను ఆపమని అందరికీ చెప్పేదే కదా? పొద్దున్నే జ్వరం తగ్గిందని తమ్ముడే అనలేదా? నాలుగేళ్ళుగా గోడకు ఇవతల కూర్చుని అతను చుట్టుకున్న జవాబులవి. ఒక్కొక్కటీ పక్కన పెట్టి చూస్తే అడుగున మిగిలింది ఒకటే మాట. దాన్ని ముట్టుకోవడానికి అతనికి భయమేసింది.

"లేను," అన్నాడు చివరికి. "ఇంట్లో చెప్పకుండా పోయినాను. అమ్మ పిలిచినప్పుడు నేను లేను శేషూ."

నాగశేషు పారను గట్టు మీద గుచ్చాడు. నారు మడి నిండి నీళ్ళు పొర్లుతుంటే కూడా చూసుకోలేదు.

"ఆ ఒక్క మాట అంటావేమోనని చూస్తాండా, నాలుగేండ్లుగా," అన్నాడు.

అప్పుడు సాంబయాచారి గారు తల వంచుకుని, ఆ రోజు ఓబులేశు తన పంచలోనే ఉన్నాడని చెప్పారు. ఇంట్లో ఎట్లా ఉందని తాను కూడా అడగలేదన్నారు. ఆ తప్పులో కొంత తనదని ఆయన అనలేదు. అనవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

నాగశేషు వెళ్ళి కాలవ మళ్ళించాడు. అతని భార్య చేను గట్టు మీదుగా అంబలి తెచ్చింది. ముగ్గురికీ పోసింది. మూడో గ్లాసు బావగారికి ఇవ్వవచ్చా అన్నట్టు మొగుడి వంక చూసింది. అతను తల ఊపాడు. ఓబులేశు గ్లాసు కింద పెట్టి, చెప్పులు విడిచి, పొర్లిన మడికి గట్టు వేయడానికి బురదలోకి దిగాడు. వద్దని తమ్ముడు అనలేదు.

పొద్దు వాలుతుండగా సాంబయాచారి గారు లేచారు. ఓబులేశు కాళ్ళు కడుక్కుని వచ్చి, ఆయన్ను దిగబెట్టడానికి బండి తీయబోయాడు. ఆయన వద్దన్నారు. రోడ్డు మీదికి పోతే ఆటో దొరుకుతుందని చెప్పి నడక మొదలుపెట్టారు. ఓబులేశు చేను దాటేదాకా వెంట నడిచాడు. పొద్దున తను అడిగినదానికి అయ్యవారు ఏమీ చెప్పలేదని, తాను రావచ్చో రాకూడదో తెలియడం లేదని మెల్లగా గుర్తుచేశాడు.

సాంబయాచారి గారు ఆగి అతని మొహంలోకి చూశారు.

"రాకేం? వచ్చేటప్పుడు ఇంట్లో చెప్పి రా," అన్నారు.