అలపోయమడుగులో తెడ్డు దించిన కథ

పూర్వం గౌతమీనది ఈ కొండల నడుమ ఇప్పటికంటె ఉరవడిగా ప్రవహించే కాలంలో, తీరాన పల్లెకారుల కులమందు మరిడయ్య అనే భక్తుడొకడు ఉండేవాడు. దోసెడు నీళ్లు తీసి ఆ నీళ్లకే సమర్పించి, గంగమ్మ తల్లి నామస్మరణ చేయనిదే తెడ్డు ముట్టని నియమం అతనిది. అతని ధర్మపత్ని లోవమ్మ తాటిదోనె ముందుకొసన నిలబడి పొడుగు వెదురుకర్రతో గెడ వేసేది, అతడు వెనుక కూర్చుండి తెడ్డుతో దారి పట్టేవాడు. ఇరవై యేండ్ల దాంపత్యంలో అతడు ఇల్లాలి ముఖంకన్నా వీపునే ఎక్కువగా చూశాడని మా పెద్దలు చెప్పేవారు.

ఆ కులంలో ఒక కట్టుబాటు ఉండేది. నీటిమీద ఉన్నంతసేపు ఎవరూ ‘అలసిపోయాను’ అనరాదు. ఆ మాట మొదట ‘అల’ ఉన్నది గనుక, పలికితే పిలిచినట్టేననీ, పిలిస్తే వచ్చి తీరుతుందనీ వారి విశ్వాసం. చేతులు పడిపోతున్నవాడు ‘తెడ్డు బరువెక్కింది’ అనేవాడు, గెడ వేసేవారు ‘గెడ బరువెక్కింది’ అనేవారు. పొద్దున్నుంచి సాయంత్రందాకా ప్రతివారూ అనే మాటే కావడంచేత, కొన్నాళ్లకు దాన్ని చెవిన పెట్టేవారే లేకపోయారు.

ఒక శ్రావణమాసంలో, ఏరు ఎర్రబడి పొంగుతున్న రోజుల్లో, దిగువ ఊరి జాతరకు ఎండుచేపల తట్టలు చేర్చవలసి ఉండి ఆ దంపతులు బయలుదేరారు. లోవమ్మకు అంతకు మూడురోజులుగా జ్వరం. గెడ బరువెక్కిందని ఆమె ఒకసారి అన్నది, మలుపు తిరిగాక మరొకసారి అన్నది, రెండు కొండలూ దగ్గరపడే ఇరుకున మూడోసారి అన్నది. మరిడయ్య ప్రతిసారీ ఊకొట్టి తెడ్డు వేస్తూనే ఉన్నాడు. అప్పుడామె వెనుదిరగకుండానే, ‘అలసిపోయేను మావా. కాసేపు ఒడ్డుకి పట్టు’ అన్నది.

మరిడయ్యకు ఒళ్లు మండింది. ‘నోరు ముయ్యి. దోనెలో అనే మాటేనా అది?’ అని కసిరి, ఆ కోపంలో తెడ్డు మరింత గట్టిగా వేశాడు. అలే వచ్చిందో, జ్వరపు చేతుల్లోంచి గెడ జారి దోనె అడ్డం తిరిగిందో ఆ నీటికే తెలియాలి. క్షణంలో దోనె బోర్లాపడింది. మరిడయ్య తేలాడు, లోవమ్మ తేలలేదు. దేహం సైతం దొరకలేదు. కానిమాట అని అలను తెచ్చుకున్నదని కులం పెద్దలు తీర్పు చెప్పారు, మరిడయ్య కూడా అదే నమ్మాడు. నమ్మకపోతే బతకడం కష్టమని నాకనిపిస్తుంది.

నీట పోయినవారికి వారు చేసే క్రియ ఒక్కటే. అరచేయంత తాటిచెక్క దోనెలో ఆముదపు దీపం పెట్టి, అదే ఏటి నీటిలో వదలాలి. చమురు అయిపోయి దానంతటది కొండెక్కితే పోయినవారు ఒడ్డు చేరినట్టు, నడుమ బోల్తాపడితే ఇంకా నీళ్లలోనే ఉన్నట్టు. మూడేండ్లలోపు దీపం నిలవకపోతే ఆ జీవికి ఇక ఒడ్డే లేదని శాసనం.

మరిడయ్య మొదటి దీపం ఇంటిముందు రేవులోనే వదిలాడు, అది పదిబారలు పోకుండానే మునిగింది. అంతట ఆ అభాగ్యుడు నిలకడ నీటిని వెదుకుతూ దోనె ఎక్కి ఎదురేటికి పోయాడు. నురగ ఎక్కడ కదలక నిలుస్తుందో, రాలిన ఆకు ఎక్కడ గిరగిర తిరగక పడుకుంటుందో, కొంగ ఒంటికాలిమీద ఎక్కడ ఎక్కువసేపు నిలుస్తుందో చూసి నీటి గుణం చెప్పగల నేర్పు అతనికి వచ్చింది. దారిపొడవునా జనం తలొక చోటు చూపించారు. పైకి నిమ్మళంగా కనిపించే నీటికింద సుడి ఉండేది. సుడి లేనిచోట గాలి ఉండేది. చెరువులో వదిలేయరాదా అని జాలిపడినవారికి, అది ఆమె పోయిన నీరు కాదుగదా అని మాత్రం చెప్పి ముందుకు సాగేవాడు. ఈ తీరున మూడు వర్షాకాలాలు గడిచాయి, వీపు వంగింది, అరచేతుల్లో చర్మం తెడ్డుకర్ర మాదిరి గట్టిపడింది.

మూడో ఏటి గడువు తీరడానికి ఒక్కరోజు మిగిలి ఉండగా, సాయంసంధ్యవేళ, ఏటిపాయ ఒకటి కొండ వెనుకకు తిరిగి మడుగు కట్టిన ఈ స్థలానికి అతడు చేరాడు. ఒడ్డున ఒక ముసలమ్మ కాళ్లు చాపుకుని చేపలు పట్టే మావు అల్లుకుంటున్నది. గాలి లేదు, సుడి లేదు. మిగిలిన ఆముదమంతా పోసి దీపం వదిలాడు. అది కాస్త దూరం పోయి అటూ ఇటూ ఊగనారంభించింది. అడ్డుపడి కాపాడుదామని అతడు తెడ్డు వేశాడు, మరింత ఊగింది. చుట్టూ తిరిగాడు, ఒక అంచు నీటిలోకి ఒరిగింది. ఇక అతని శరీరంలో గాని మనస్సులో గాని ఏమీ మిగలలేదు. మూడేండ్లుగా పండ్లబిగువున పట్టిన మాట నోరు దాటి వచ్చింది.

‘అలసిపోయేను తల్లీ’ అన్నాడు.

కన్నులు మూసుకుని అలకోసం ఎదురుచూశాడు. అల రాలేదు. ఒడ్డుమీది ముసలమ్మకు చెముడో, దయో, ఆ మాటలో సగమే వినబడినట్టున్నది. ‘అల పోయిందంటన్నావా అయ్యా? పోయిందిలే. ఇప్పుడాడేది నీ తెడ్డు అలే. దింపెయ్యి’ అన్నది.

మరిడయ్య తెడ్డు ఎత్తి దోనెకు అడ్డంగా పెట్టాడు. చుట్టూ నీరు సర్దుకున్నది. దీపం లేచి నిటారుగా నిలబడి, తొందర లేకుండా, ఆఖరి చుక్కదాకా వెలిగి, తనంతట తాను కొండెక్కింది. అప్పుడా మనిషి పొగిలి పొగిలి ఏడ్చాడు. ‘మూడుసార్లు చెప్పింది తల్లీ, నాకు గెడ బరువెక్కిందని. నాలుగోసారి అన్న మాటకి తిట్టేను గాని, మనిషి పడిపోతందని సూళ్లేదు’ అన్నాడు. తలెత్తి చూస్తే ముసలమ్మ లేదు; ఆమె కూర్చున్నచోట పీటవంటి రాయి ఒకటి తడిగా ఉన్నది. వచ్చినది గంగమ్మయేనని గ్రహించి, అతడు దోనె అక్కడే బోర్లించి, తక్కిన ఆయుష్షంతా ఆ రాతికి నీళ్లు పోస్తూ గడిపాడు.

అల పోయిన మడుగు జనం నోట అరిగి అలపోయమడుగు అయింది. ఆ పీటరాయే ఇప్పుడు మీరు పసుపు పూసిన తల్లి. నీటికి అడ్డంగా కనిపించే పొడుగు బండను తెడ్డుబండ అంటారు.

ఈ మధ్య పట్నాలనుంచి రంగురంగుల కయాక్‌లు అనే ఇద్దరేసి ఎక్కే దోనెలు కార్లమీద కట్టుకుని, ఇక్కడ నీళ్లు నిలకడగా ఉంటాయా అని అడుగుతూ వస్తున్నారు. నేను ఈ కథ చెప్పి చెప్పి అరిగిపోయాను. వినేవారు సగం వినకుండానే నీటిలోకి దిగుతారు. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నారు, వీరు దాటకముందే బోడిమల్లయ్య అంటారు. అయినా ఈ స్థలపు ఆచారం ఒక్కటి చెప్పకుండా ఎవరినీ పోనివ్వను. తెడ్డుబండ దాటాక, దోనెలో ఎవరికి అలసట ఉన్నా ఆ మాట పైకి అనాలి, విన్నవారు ఎందుకని అడగకుండా తెడ్డు దించాలి. దీనివల్ల ధనధాన్యాలు సిద్ధిస్తాయో లేదో నాకు తెలియదు.

మొదట నవ్వుతారు. నడిమడుగుకు పోయేసరికి నవ్వు ఆగుతుంది. సాధారణంగా ముందు కూర్చున్నవారే, వెనుదిరగకుండా, మెల్లగా ఆ మాట అంటారు. కొంతసేపటికి వెనుకవారు తెడ్డు ఎత్తి అడ్డంగా పెట్టిన చప్పుడు ఈ రాతిదాకా వినిపిస్తుంది. ఆ చప్పుడు విన్న తరువాతనే నేను సాయంకాలపు హారతి వెలిగిస్తాను.