జతగాడి నీళ్లు

విశ్వంభర అయ్యవారికి ఒక అలవాటుంది. ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పరు. "సరే, చూద్దాం" అని ఊరుకుంటారు. ఆ చూడడానికి ఒక పూట పట్టొచ్చు, ఒక ఏడాది పట్టొచ్చు. అడిగినవాడు అడిగిన సంగతే మరిచిపోయాక, ఏ కూరగాయలు తరుగుతున్నప్పుడో, బస్సు కోసం ఎండలో నిలబడ్డప్పుడో జవాబు వచ్చి మీద పడుతుంది. శేషాచలం కొండల కింద ఉన్న ఆయన ఆశ్రమంలో ఈ పద్ధతికి అందరూ అలవాటు పడిపోయారు, ఒక్క యజ్ఞేశ్వర్ తప్ప.

యజ్ఞేశ్వర్ పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చెప్పి, సర్వీసు ఇంకా ఉండగానే ఉద్యోగం వదిలి వచ్చినవాడు. ప్రశ్నకు జవాబు అదే పీరియడ్‌లో రావాలని నమ్మేవాడు. అతను ఆశ్రమానికి వచ్చింది ధ్యానం కోసం. దొరికింది మాత్రం జనం. పక్క మంచం మీది పెద్దమనిషి గురక పెడతాడు. భజనలో ఒకావిడ పాట ఒక దారి, శ్రుతి ఇంకో దారి. వంటకు వంతులు, వంతుల మీద అలకలు. కళ్లు మూసుకుని కూర్చుంటే చాలు, "సార్, నిద్రపోతున్నారా?" అని ఎవరో ఒకరు భుజం తట్టి మరీ అడుగుతారు. కొండవాలులో, ఒక పెద్ద బండ మీద ఒంటిగది ఉంది. దాని తాళంచెవి అయ్యవారి దగ్గర ఉంటుంది. ఆ గదిలో చేరి ఒక ఏడాది పాటు ఎవరి మొహమూ చూడకుండా కూర్చోవాలని యజ్ఞేశ్వర్ కోరిక. ఉద్యోగం వదిలిందే దాని కోసం. ఉగాది నుంచి అడుగుతున్నాడు. చివరికి ఉండబట్టలేక ఒకరోజు అందరి ముందే అడిగేశాడు.

"అయ్యవారూ, మనిషి తనలోకి తాను వెళ్లడానికి చుట్టూ ఇంతమంది ఎందుకండీ?"

"మంచి ప్రశ్న" అన్నారు అయ్యవారు. "వేసవి నడక కానీ. చూద్దాం."

ప్రతి వేసవిలోనూ అయ్యవారు శిష్యుల్ని వెంటబెట్టుకుని పైనున్న జాతీయ ఉద్యానవనంలోకి నడక తీసుకెళ్తారు. అడవి గేటు దగ్గర అనుమతి తీసుకుని పొద్దున్నే బయలుదేరితే, మిట్టమధ్యాహ్నానికి తేనెబండ కోన చేరతారు. అక్కడ ఎంత ఎండాకాలమైనా ఎండని మడుగు ఉంది. మధ్యలో చుక్క నీరు దొరకదు. ఈ నడకకు అయ్యవారు పెట్టిన నియమం ఒకటుంది. అందరూ ఇద్దరిద్దరుగా నడవాలి. ఎవరి నీళ్లు వాళ్లు మోయకూడదు. నీ సీసా జతగాడి భుజాన ఉండాలి, జతగాడిది నీ భుజాన. దాహమైతే అడిగి తాగాలి. ఎందుకని అడిగినవాళ్లకు ఆయన "సరే, చూద్దాం" అనే చెప్పారు. యజ్ఞేశ్వర్‌కి ఇందులో తలా తోకా కనిపించలేదు. ఎవరు ఎవరిది మోసినా బరువు బరువే కదా అని గేటు దగ్గరే గొణిగాడు.

గొణుగుడు పూర్తికాకముందే జతలు కట్టడం అయిపోయింది. అతనికి చెంగల్రాయుడు పడ్డాడు.

చెంగల్రాయుడు మదనపల్లి రూటులో బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. సర్వీసంతా టికెట్లు కొట్టడం కంటే మాట్లాడడమే ఎక్కువ చేశాడని ఆశ్రమంలో అనుకునేవాళ్లు. ఇతన్నుంచి తప్పించుకుందామనే కదా యజ్ఞేశ్వర్ ఒంటిగది అడుగుతున్నది! ఏ దేవుణ్ణి తప్పించుకోవాలనుకున్నాడో ఆ దేవుడే ఎదురొచ్చి, తన స్టీలు సీసా అతని భుజానికి తగిలించి, అతని సీసా తన భుజానికి వేసుకుని నవ్వాడు.

"రాండి సార్, పోదాం. మీతో తీరిగ్గా మాట్లాడాలని ఎన్నాళ్ల నుంచో అనుకుంటా ఉండా."

తీరిగ్గానే మాట్లాడాడు. గేటు దాటగానే మొదలుపెట్టిన కథ మొదటి ఎక్కుడు అయ్యేసరికి కూడా పీలేరు బస్టాండు దాటలేదు. చెట్టు కనిపిస్తే ఆగుతాడు, పాలపండ్లు ఏరతాడు, "నోట్లో ఏసుకోండి సార్" అని అరచేతిలో పోస్తాడు. ఎర్రచందనం మాను కనిపిస్తే తట్టి చూస్తాడు. బెట్టుడుత కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకితే, అది కనిపించకుండా పోయేదాకా చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడతాడు. మిగతా జతలన్నీ ముందుకు వెళ్లిపోయాయి. అయ్యవారి తెల్ల తలపాగా పైమలుపులో ఒకసారి కనిపించి మాయమైంది. యజ్ఞేశ్వర్‌కి తలప్రాణం తోకకొచ్చింది.

ఇక నీళ్ల సంగతి. మొదటిసారి గొంతు తడారినప్పుడు అతను మర్యాదగానే అడిగాడు.

"రాయుడుగారూ, ఆ సీసా ఒకసారి ఇస్తారా?"

"నీళ్లా? ఇస్తా ఇస్తా. అదే చెప్తా ఉండా సార్, ఆ పొద్దు బస్సులో ఒకామె ఇట్లనే నీళ్లడిగితే ఏమైందంటే..."

ఏమైందో తేలేసరికి నీడ ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి జరిగింది. కథ అయ్యాక సీసా సంగతి చెప్పినవాడూ మరిచిపోయాడు, అడిగినవాడు రోషంతో గుర్తు చెయ్యలేదు. యజ్ఞేశ్వర్‌కి ఒళ్లు మండిపోయింది. గుక్కెడు నీళ్లకు ఇంత పురాణం వినాలా? అక్కర్లేదు. కోన దాకా నీళ్లే తాగను, పీడా పోతుంది, అనుకున్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం అతను. పంచె ఎగ్గట్టి, వెనక్కి చూడకుండా, పెద్ద పెద్ద అంగలు వేస్తూ ఎక్కడం మొదలుపెట్టాడు.

"సార్, మెల్లింగా సార్!" అని వెనక నుంచి వినిపించింది. తరవాత కొంతసేపటికి అదీ వినిపించలేదు.

ఎంత హాయి! అడవి ఇప్పుడు అడవిలా ఉంది. రాళ్ల మీద ఎండ, ఎక్కడో ఒక పిట్ట, తన ఊపిరి, అంతే. ఒంటిగదిలో ఏడాదంతా ఇలాగే ఉంటుంది కదా అనుకుని యజ్ఞేశ్వర్ మురిసిపోయాడు. ఆ మురిపెం ఒక మలుపు దాకా నిలిచింది. రెండో మలుపులో నాలుక అంగిటికి అంటుకుంది. నీడ పట్టున ఒక బండ మీద కూలబడ్డాడు. భుజాన చెంగల్రాయుడి సీసా వేలాడుతోంది. మూత వదులుగా ఉందేమో, ఇంగువ వాసన వచ్చింది. నీళ్లు కావు, మజ్జిగ. కరివేపాకు, అల్లం వేసి పలచగా చిలికిన మజ్జిగ.

ఫిజిక్స్ మాస్టారి బుర్ర వెంటనే పనిచేసింది. నా నీళ్లు అతని దగ్గరున్నాయి. అతనివి నా దగ్గరున్నాయి. అతనికి దాహమైతే నావి తాగుతాడు. తాగి, ఆ కథ ఇంకెవరికైనా చెప్పుకుంటాడు. లెక్క సరిపోయింది. మూత తీసి ఒక గుక్క అనుకున్నాడు; సగం సీసా దిగిపోయింది. మజ్జిగ బ్రహ్మాండంగా ఉంది. అది బ్రహ్మాండంగా ఉన్నందుకు కూడా అతనికి చెంగల్రాయుడి మీద చిరాకే వేసింది.

కోన చేరేసరికి అందరూ మడుగు పక్కన కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. అయ్యవారు అతన్ని చూశారు, అతని వెనక దారిని చూశారు.

"జతగాడేడీ?"

"వస్తున్నాడండీ. దారిలో ఏ చెట్టుకో కథ చెబుతూ ఉంటాడు."

ఎవరో నవ్వారు. అయ్యవారు నవ్వలేదు.

"అతని సీసా నీ భుజానే ఉందే?"

"నాది ఆయన దగ్గరుంది కదండీ. నిండుగా ఉంది. తాగే ఉంటాడు."

అయ్యవారు దారి వైపే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపు చూస్తుంటే యజ్ఞేశ్వర్‌కి కుదురుగా కూర్చోవడం చేతకాలేదు. బండలు కాలిపోతున్నాయి. గాలి కదలడం లేదు. రావలసిన మనిషి రావడం లేదు. ఏం మనిషండీ ఇతను, ఎక్కినంతసేపూ విసిగించాడు, ఇప్పుడు రాకుండా విసిగిస్తున్నాడు అని తిట్టుకుంటూ లేచాడు. లేచినప్పుడు విసుగే. దిగుతున్న కొద్దీ అందులో భయం కలిసింది. "రాయుడుగారూ!" అని పిలిచాడు. పొద్దుటి నుంచి ఏ నోరు మూతపడాలని కోరుకున్నాడో, ఆ నోటి నుంచి జవాబు రాలేదు. అప్పుడతను పరుగెత్తాడు.

చెంగల్రాయుడు ఒక జాలారి చెట్టు మొదట్లో చేరగిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది, పెదవులు పగిలిపోయాయి, కళ్లు సగం మూతపడ్డాయి. ఒళ్లో యజ్ఞేశ్వర్ సీసా ఉంది. యజ్ఞేశ్వర్ దాన్ని లాక్కుని ఊపి చూశాడు. గేటు దగ్గర ఎలా నింపాడో అలాగే ఉంది. చుక్క తగ్గలేదు.

అతనికి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే ముందు బయటపడింది.

"బుద్ధుందా అసలు? నిండు సీసా ఒళ్లో పెట్టుకుని దాహంతో చస్తారా ఎవరైనా? తాగొచ్చు కదయ్యా!"

చెంగల్రాయుడు కళ్లు తెరిచాడు. మనిషిని గుర్తుపట్టి, నవ్వడానికి ప్రయత్నించాడు.

"అది మీది గద సార్. నేను కథలో పడి ఇయ్యడం మరిచిపోతిని. మీరు పొద్దున్నించి ఒక్క గుక్క కూడా తాగలా. నాకోసం వెనక్కొస్తే మీకేం పోసేది?"

యజ్ఞేశ్వర్ తన సీసా మూత తీసి అతని పెదవులు తడిపాడు, తువ్వాలు తడిపి తల మీద వేశాడు, కొంచెం కొంచెంగా తాగించాడు. ఊపిరి సర్దుకున్నాక చెంగల్రాయుడి చూపు అతని భుజాన ఉన్న తన సీసా మీద పడింది. చెయ్యి చాచి అందుకుని, బరువు చూసి, ఆగాడు.

"సగముందే. మీరు తాగినారా?"

భూమి చీలితే అందులోకి పోదామనిపించింది యజ్ఞేశ్వర్‌కి. ఆ లెక్కా ఈ లెక్కా ఏదో చెబుదామనుకున్నాడు. ఏ లెక్కా నాలుక మీదికి రాలేదు. తలదించుకుని తాగానన్నట్టు తల ఊపాడు.

చెంగల్రాయుడి మొహం వెలిగిపోయింది.

"బాగుండిందా సార్? ఇంగువ నేనే ఏసినా! మా ఇంట్లో ఆమెకి ఇంగువంటే గిట్టదు. అయితే నేనేం చేసేవాణ్ణంటే, డ్యూటీకి పొయ్యేటప్పుడు..."

అంతే, కథ మళ్లీ మొదలైంది. యజ్ఞేశ్వర్ అతని చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, నడుం పట్టుకుని, అడుగులో అడుగు వేస్తూ ఎక్కించాడు. ఆ ఇంగువ కథ కోన చేరేదాకా అవలేదు. ఏదో మహిమ జరిగి యజ్ఞేశ్వర్‌కి ఆ కథ తీయగా వినిపించిందని మీరనుకుంటే పొరపాటు. చెవి పక్కనే నోరు ఉండడంతో మునుపటికంటే ఎక్కువ విసుగొచ్చింది. రెండుసార్లు పళ్లు కొరికాడు. అయినా మూడుసార్లు తనే ఆగి, "ఇంకో గుక్క తాగండి" అన్నాడు.

మడుగు దగ్గర చెంగల్రాయుడిని నీడలో పడుకోబెట్టారు. ఒకావిడ విసరడం మొదలుపెట్టింది. అతను ఆవిడకి కథ మొదటి నుంచి అందుకున్నాడు. యజ్ఞేశ్వర్ వచ్చి అయ్యవారి ఎదుట నిలబడ్డాడు. మజ్జిగ సంగతి దాచకుండా చెప్పాడు, లెక్క సరిపోయిందనుకున్న సంగతి కూడా చెప్పాడు. చెప్పి, మొండిగా అక్కడే నిలబడ్డాడు. అడగాలా వద్దా అన్న సందేహం మొహంలో కనిపిస్తూనే ఉంది. ఉగాది నుంచి మోస్తున్న కోరిక ఊరికే పోతుందా?

"ఆ ఒంటిగది, అయ్యవారూ" అన్నాడు చివరికి, నీళ్లు నములుతూ. "ఇంక నాకు దక్కనట్టేనా?"

అయ్యవారు మొలలోంచి తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టారు. అతను నమ్మలేక ఆయన మొహంలోకి చూశాడు.

"నిక్షేపంగా వెళ్లు నాయనా, ఎవరూ ఆపరు" అన్నారు అయ్యవారు. "గడియ పెట్టుకునే ముందు మాత్రం, భుజాన ఎవరి సీసా ఉండిపోయిందో ఒకసారి తడిమి చూసుకో."