చుక్క కారని చేపల తొట్టి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఏడు రోళ్ళ సంగతేమో గాని, ఊరి పొలిమేరలో ఉన్న మడుగు మాత్రం నెర్రెలు విచ్చింది. మిగిలిన కాసిని బురదనీళ్ళ చుట్టూ కొంగలు పెళ్ళిభోజనానికి పంక్తి కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఆ నీళ్ళలో చేపలు బిక్కుబిక్కుమంటున్నాయి.

అది చూసి గేదె పుల్లమ్మకు కడుపు తరుక్కుపోయింది. తరుక్కుపోదూ మరి! దూడగా ఉన్నప్పటినుంచీ ఆ మడుగులోనే పడుకుంది. ఒంటి మీది పురుగూ పుట్రా ఆ చేపలే ఏరిపెట్టేవి. "మృగశిర వానలు పడేదాకా మీరంతా నా కొట్టంలో ఉందురుగాని రండర్రా," అని మాటిచ్చేసింది. మాటయితే ఇచ్చింది గాని, చేపల్ని ఎందులో పెడుతుంది?

అదిగో, సరిగ్గా అప్పుడు దిగాడు నక్క జోగులు.

జోగులు ఆ మధ్యనే వ్యాపారం పెట్టాడు. పాడుబడ్డ బంగళా కిటికీల అద్దాలు ఊడబెరికి, పెట్టెల్లా అతికించి, "ఇంటింటికీ అక్వేరియం" అని బోర్డు కట్టాడు. దేంతో అతికించాడంటారా? తుమ్మబంకతో! కవర్లు అంటించుకునే తుమ్మబంకతో! ఎండి ఉన్నంతసేపూ రాయిలా ఉంటుంది, నానిందంటే పాయసమే. ఈ సంగతి జోగులుకి తెలుసు, కొనేవాళ్ళకి తెలీదు. చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా?

"పుల్లమ్మక్కా, ఇది నలభై బిందెల అక్వేరియం. ఈ చుట్టుపక్కల ఇంత పెద్దది ఇంకోటి లేదు," అన్నాడు.

"కారదు కదా తమ్ముడూ?"

"ఎంత మాట! ఏడాది వారంటీ. ఇది కారిందా, దీని బదులు చుక్క కారని ఇంకోటి నీకు అప్పగిస్తాను. ఇదిగో, తాటాకు మీద రాసిస్తున్నా."

పుల్లమ్మ మూడు కుండల నెయ్యి ఇచ్చి తొట్టి కొనుక్కుంది. నూతి నీళ్ళు వీపు మీద మోసి నింపింది. కొంగల ముక్కుల ముందు నుంచే చేపల్ని తెచ్చి అందులో వేసింది. ఎనిమిది రోజులు కొట్టం కళకళలాడింది. తొమ్మిదో రోజు పొద్దున అడుగున చెమ్మ కనిపించింది. మధ్యాహ్నానికి అది ధారైంది. సాయంత్రం అతుకులన్నీ ఊడి నాలుగు అద్దాలూ నాలుగు వైపులా గడ్డిలో పడ్డాయి. చేపలు ఎగిరెగిరి పడ్డాయి. పుల్లమ్మ ఒక్కోదాన్నీ మూతితో మెల్లగా ఎత్తి, పక్కనున్న కుడితి తొట్టిలో వేసింది.

"కుడితిలో పడ్డ ఎలుక అని సామెత విన్నాను గాని, చేపలకి కూడా ఆ భోగం పట్టించావు కదే అమ్మాయ్," అన్నాడు చిదంబరం తాత, తల పైకెత్తి గాలి పీల్చుకుంటూ. ఆయన ముసలి కొరమీను, చేపలన్నిటికీ పెద్ద.

"నేనేం చేసేది తాతా! నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి."

"నేనంటే బురదలోనైనా బతుకుతాను. ఈ పరక చేపపిల్లలు ఈ కుడితిలో రెండు రోజులకి మించి ఆగవు. వాడి దగ్గరికెళ్ళి తొందరగా తేల్చుకురా."

మర్నాడు పుల్లమ్మ తాటాకు పట్టుకుని జోగులు దగ్గరికెళ్ళింది. అక్కడ నాలుగు బాతులు అక్వేరియాలు బేరమాడుతున్నాయి. వాటి ముందు ఈ గొడవేంటని జోగులు గొంతులో తేనె పోసుకున్నాడు.

"ఊడిందా? అయ్యయ్యో! ఇంతకీ ఎక్కడ పెట్టావక్కా?"

"కొట్టంలో."

"నేల చదునేనా?"

"కొట్టం నేల కదా, తడి జారిపోవడానికి కాస్త వాలుంటుంది."

"అదీ సంగతి! వాలు నేల మీద పెడితే వారంటీ చెల్లదు. తాటాకు అడుగున రాసే ఉంది, చూసుకో."

పుల్లమ్మ కళ్ళు చికిలించింది. "అవి అక్షరాలా? చీమలు పాకుతున్నాయనుకున్నాను."

"చీమల చేతే రాయించాను. పోనీ, ఎండలో పెట్టావా, నీడలోనా?"

"నీడలోనే. ఎండలో పెడితే పిల్లలు ఉడికిపోవూ?"

"తప్పు! ఎండ తగిలితేనే అతుకు గట్టిపడేది. ఎంతదాకా నింపావు?"

"జానెడు వెలితిగా. లేకపోతే ఎగిరి కింద పడతాయని..."

"చూశారా అమ్మా!" అని జోగులు బాతులవైపు తిరిగాడు. "అంచుదాకా నింపితేనే అద్దానికి బలం. మూడు తప్పులూ తనే చేసి నా సరుకుని అంటోంది!"

ఆడలేక మద్దెల ఓడు అన్నారు గాని, మద్దెల ఓడైతే ఆడేవాళ్ళనే తిట్టే రకం వీడు. పుల్లమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఇంటికొచ్చింది. అప్పటికే రెండు పరక పిల్లలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

తాత అంతా విన్నాడు. "వాడన్న మూడు మాటలూ మళ్ళీ చెప్పు."

"నేల చదునుగా ఉండాలట. ఎండ పడాలట. అంచుదాకా నింపాలట."

"అలాంటి చోటు మనకి ఎక్కడుందే?"

పుల్లమ్మ నెమరేస్తూ చాలాసేపు ఆలోచించింది. దానికి ఆలోచన రావడం ఆలస్యం, వచ్చాక పోవడం ఇంకా ఆలస్యం. "జోగులు బొరియ ముందర చట్టుబండ ఉంది తాతా. పీట వేసినట్టుంటుంది. పొద్దస్తమానం ఎండే."

"ఇంకేం! రేపు పొద్దున్నే వెళ్ళి, తప్పు నాదే అని ఒప్పుకో. ఎలా పెట్టాలో నేర్పమను. బాతులు వినేటట్టు అడుగు."

తెల్లారేసరికి పుల్లమ్మ అద్దాలన్నీ వీపు మీద వేసుకుని జోగులు గుమ్మంలో నిలబడింది. ఒక చిన్న కుండలో తాత కూడా ఉన్నాడు. నిన్నటి బాతులు నాలుగూ బేరం తేల్చుకోవడానికి అప్పటికే వచ్చి ఉన్నాయి.

"తప్పంతా నాదే తమ్ముడూ. బుద్ధి తక్కువదాన్ని. నువ్వు చెప్పిన చదునూ ఎండా నీ గుమ్మంలోనే ఉన్నాయి. ఒక్కసారి నువ్వే అతికించి, పెట్టి చూపించు. పొద్దు గూకేదాకా నిలబడితే మళ్ళీ నీ గుమ్మం తొక్కితే ఒట్టు."

జోగులు నసిగాడు. "ఇక్కడా? ఇప్పుడా?"

"ఏం, అంత ఆలోచన దేనికి?" అంది పెద్ద బాతు. "మేమూ చూసే కొంటాం. నిలబడితే మా నలుగురికీ నాలుగు."

జోగులు లెక్కేసుకున్నాడు. కొట్టంలో ఎనిమిది రోజులు ఆగింది, ఇక్కడ సాయంత్రందాకా ఆగదా? ఆగుతుంది. నాలుగు బేరాలు ఒక్క దెబ్బకి! "సరే కానీ. చట్టుబండ ఎంత చదునో చూడండమ్మా, ఇంతకంటే మంచి చోటు ఇంకెక్కడా లేదు," అంటూ కొత్త బంక పూసి అతికించాడు. ఆ ఎండకి జాము తిరక్కుండానే ఎండింది. పుల్లమ్మ నలభై బిందెలూ మోసి అంచుదాకా నింపింది. తాత లోపలికి జారాడు.

జోగులు బొరియ మూతి ముందర కూర్చుని బాతులకి ఉపన్యాసం మొదలెట్టాడు. వాడికి తెలియందల్లా ఒక్కటే. నీడలో చల్లటి నీళ్ళు ఎనిమిది రోజుల్లో చేసిన పని, రోహిణి ఎండలో కాగిన బండ మీద వేడినీళ్ళు ఒక్క పూటలో చేస్తాయి.

"జోగులూ," అన్నాడు తాత లోపల్నుంచి. "నీళ్ళు కాగుతున్నాయి. ఇది అక్వేరియమా, పులుసు గిన్నా?"

"ఓర్చుకో తాతా, అతుకు గట్టిపడుతోంది!"

గట్టిపడిందేమో! ధడేల్‌మంది. నలభై బిందెల నీళ్ళు బండ మీదనుంచి జారి, జోగులుని తోసుకుంటూ, గబగబా బొరియలోకి దూరాయి. కాసేపటికి నెయ్యి కుండలు మూడూ ఒకదాని వెనక ఒకటి మూతి దగ్గరికి తేలి వచ్చాయి. బాతులు గొల్లుమని నవ్వాయి. పుల్లమ్మ మాత్రం నవ్వలేదు. "తాతా! తాతా!" అని అరుస్తూ బొరియలోకి తల దూర్చబోయింది, కొమ్ములు అడ్డొచ్చాయి.

"అరవకే అమ్మాయ్!" అని తాత గొంతు వినిపించింది. "ఇక్కడ హాయిగా ఉంది. బంకమట్టి నేల, నీడ, మంచి లోతు. పిల్లల్ని తీసుకురా!"

పుల్లమ్మ ఎప్పుడూ పరిగెత్తి ఎరగదు. ఆ రోజు పరిగెత్తింది. కుడితి తొట్టిని కొమ్ములతో ఎత్తుకొచ్చి బొరియలో వంచింది. నోళ్ళు తెరుచుకున్న పరక పిల్లలు మునిగి, కాసేపటికి తోకలాడించాయి. అది చూసి పుల్లమ్మ అక్కడే కూలబడి, సంతోషం పట్టలేక భోరున ఏడ్చింది.

తడిసి ముద్దయిన జోగులు లబలబలాడుతూ వచ్చాడు. "అక్కా! ఇదేం అన్యాయం! అది నా ఇల్లు!"

పుల్లమ్మ కళ్ళు తుడుచుకుని తాటాకు ముందుకు తోసింది. "పెద్దక్షరాలే చదువు తమ్ముడూ. ఇది కారితే బదులుగా చుక్క కారని ఇంకోటి అప్పగిస్తానన్నావు."

"అన్నాను గాని..."

"ఇందాకట్నుంచీ చూస్తున్నాను," అన్నాడు తాత నీళ్ళ పైకి తేలి. "ఇది చుక్క కారడం లేదు నాయనా. మంచి సరుకే ఇచ్చావు."

జోగులు సాకు కోసం అటూ ఇటూ చూశాడు. నేల వాలుందందామంటే చదునని తనే చాటుకున్నాడు. చివరికి తోక పిండుకుని, ఆ మండుటెండలో నిలవ నీడ వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నీతి: ఎదుటివాడికి పెట్టే షరతుని ముందు మన గుమ్మంలో పెట్టి చూసుకోవాలి.