సన్యాసమ్మ మంచం బిగించుకున్న రోజు

పుష్యమాసం, బహుళ తదియ, గురువారం, పొద్దు పొడిచి నాలుగు గడియలైంది. అనగనగా ఒక ఊళ్ళో, సరిగ్గా ఆ వేళకి, సన్యాసమ్మ అనే ముసలావిడకి కోపం వచ్చింది. డెబ్బై ఏళ్ళలో ఒకరిని పల్లెత్తు మాట అనని మనిషి. అలాంటి మనిషికి వచ్చిన కోపం. ఊ కొట్టండి మరి, మీరు ఊ కొట్టకపోతే నా కథ నడవదు.

మూడు నెలల కిందట బావి దగ్గర నాచు పట్టిన రాయి మీద ఆవిడ కాలు జారింది. ఎముక విరగలేదు, మోకాలు చెక్కుకుపోయింది, అంతే. కొడుకు నూకరాజు హడలిపోయి, ఇక నువ్వు మంచం దిగడానికి వీల్లేదన్నాడు. కోడలు పైడమ్మ ఆవిడ చేతిలో పనల్లా తీసేసుకుంది. నీళ్ళు తోడే చేద పోయింది, చేతిలో పట్టు పోయింది. కవ్వం పోయింది, భుజం బిగుసుకుపోయింది. చీపురు పోయింది, నడుం వంగనంది. ఆఖరికి అన్నం కూడా కలిపి నోట్లో పెట్టారు, వేళ్ళు ముద్ద కట్టడం మరిచిపోయాయి. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు నాన్నా, ప్రేమే. ఆ ప్రేమ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది, రాముడు నన్ను క్షమించాలి.

మనిషితో పాటు మంచమూ వదులైంది. నులక మంచం కదా, కాళ్ళవైపు తాడు అప్పుడప్పుడూ లాగి బిగించకపోతే ఉయ్యాలలా దిగిపోతుంది. ఆ ఇంట్లో బిగించే మనిషి సన్యాసమ్మే. ఇప్పుడు ఆవిడే ఆ గుంటలో కూరుకుపోయింది, లేపాలంటే ఇద్దరు కావాలి.

ఆ గురువారం అరుగు మీంచి కొడుకు మాట వినబడింది. మంచం మధ్యలో నులక కోసి కన్నం చేద్దాం, కింద మూకుడు పెడదాం, అమ్మని పెరట్లోకి మోసే పని తప్పుతుంది అంటున్నాడు. కొడవలి తీసుకుని లోపలికి వచ్చేసరికి మంచం ఖాళీ. సన్యాసమ్మ నేలమీదికి దొర్లి, మంచం కోడుకి కాలు తన్నిపెట్టి, తాడు లాగుతోంది. ఒక వరస లాగింది, దేవుణ్ణి తలుచుకుని అప్పన్నా అంది. రెండో వరస లాగింది, అప్పన్నా అంది. ఊ కొడుతున్నారా, పడుకున్నారా?

"అత్తా, పడిపోతావు," అంది పైడమ్మ.

"నేలమీదే ఉన్నాను. ఇంకెక్కడికి పడతాను?"

"ముసలిదానిచేత చాకిరీ చేయిస్తున్నానని ఊరంతా నన్ను ఆడిపోసుకుంటుంది."

"ఆ ఊరొచ్చి నా మూకుడు ఎత్తుతుందా?"

నూకరాజు నసిగాడు. "నీ మంచికే కదమ్మా."

"ఒరే, నేను దేనిమీద జారాను?"

"రాయి మీద."

"మూడు నెలలైంది. ఆ రాయిని ఏం చేశావు?"

నూకరాజు కొడవలి వెనక్కి దాచుకున్నాడు.

"జారే రాయిని దర్జాగా బావి దగ్గర ఉంచి, నన్ను తెచ్చి మంచంలో పాతిపెట్టావు. ఆ కొడవలి అవతల పారేసి తాడు కొస పట్టుకో. పట్టుకోవడమే, లాగొద్దు. లాగేది నేను."

మధ్యాహ్నానికి మంచం బిగిసింది. తడితే డప్పులా మోగింది. ఆ పూట ఆవిడ తన చేత్తోనే అన్నం తింది. సగం మెతుకులు ఒళ్ళో పడ్డాయి. ఎవరూ ఎత్తడానికి పోలేదు, ఆవిడ చూపు అలా ఉంది.

మర్నాడు తెల్లారేసరికి నూకరాజు రాయి మీద నాచు గీకి, ఉలితో గాట్లు పెడుతున్నాడు. గుమ్మం నుంచి బావి దాకా రాటలు పాతి, పట్టుకుని నడవడానికి మోకు కట్టాడు. పైడమ్మ కవ్వం తాడు తెచ్చి అత్త చేతిలో పెట్టింది. సన్యాసమ్మ మోకు పట్టుకుని ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి, సగం చేద నీళ్ళు తోడుకుంది. కోపం మాత్రం తగ్గలేదు, అన్నం వేళ దాకా కొడుకుతో మాట్లాడలేదు. పైడమ్మ వెళ్ళి నులక మంచం ఎత్తి గోడకి నిలబెట్టింది.

కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లలోకి. ఎవరి కాళ్ళు వాళ్ళే కప్పుకోండి.