మ్యాగజైన్ మీద నంబరు

సికింద్రాబాద్‌లో వెలిదండ నరహరిరావు అనే పెద్దమనిషి ఉండేవాడు. పాతకాలపు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లంటే ఆయనకు ప్రాణం, కానీ తన వస్తువులో ఫలానాది లేదని ఎవరైనా అంటే ఓర్చుకోలేకపోయేవాడు.

ఆయన లైసెన్సు మీద రెండు రైఫిళ్లే ఉంచుకోవచ్చు. అందుకని ఆశంతా వాటితోపాటు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సరంజామా మీద పడింది. తోలు పట్టీ, గొట్టం తుడిచే కడ్డీ, చిటికెన వేలంత నూనె సీసా, ఆఖరికి వాడకం చెప్పే చిన్న పుస్తకం కూడా అసలుదే కావాలి. చుట్టాల ఇంట్లో పెళ్లికి పిలిస్తే కదిలేవాడు కాదు గానీ, ఎక్కడో ఒక పాత పట్టీ ఉందని వింటే కరీంనగర్ దాకా బస్సెక్కేవాడు.

ఒక్కటే కుదరలేదు. ఒక జమీందారు ఇంటి నుంచి కొన్న పెద్ద రైఫిలుకు తూటాలు పెట్టే ఇనుప డబ్బా, అదే మ్యాగజైన్, అసలుది లేదు. ఆ కంపెనీ వాళ్లు రైఫిలు మీదా మ్యాగజైన్ మీదా ఒకే నంబరు కొట్టేవారు. రావుగారి దగ్గరున్నది అదే రకం, కాని నంబరు లేదు. పదేళ్లు వెతికాడు. చివరికి విసిగిపోయి, ఒక చెక్కుడు పనివాడి చేత దానిమీద రైఫిలు నంబరు కొట్టించాడు. దీనివల్ల ఎవరికి నష్టం అనుకున్నాడు.

ఏటా పోలీసుల అనుమతితో ఇలాంటి వస్తువులు పోగుచేసేవాళ్లంతా ఒక హాలులో కలిసేవారు. ఆ ఏడు రావుగారి బల్ల దగ్గరే జనం. అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకుంటారా? ఇన్నేళ్లూ దొరకనిది ఇప్పుడెక్కడ దొరికిందని అడిగారు. ఆ జమీందారు ఇంటి తుపాకులు ఒకప్పుడు బాగుచేసిన జహంగీర్ సాబ్ పేరు రావుగారి నోటికొచ్చింది.

"మన జహంగీర్ దగ్గరే ఉందట. ఇన్నాళ్లకు ఇచ్చాడు" అన్నాడు.

అబద్ధానికి ఆధారం కావాలిగా మరి, పాపం ఆ ముసలాయన దొరికాడు. జహంగీర్ సాబ్ నలభై ఏళ్లుగా తుపాకులు బాగుచేస్తూ, ఆ చిన్న దుకాణం మీదే బతుకుతున్నాడు. బాగుచేయడానికి వచ్చినప్పుడే అసలుది కాజేశాడని, ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని జనం చెప్పుకున్నారు. బాగుచేయమని ఇచ్చిన తుపాకులను ఒక్కొక్కరే వెనక్కి తీసుకుపోయారు. మాట ఇన్‌స్పెక్టరు చెవిన కూడా పడింది. ఒకరి రైఫిలు భాగం ఇన్నేళ్లు నీ దగ్గరెందుకు ఉందని అడిగి, విచారణ తేలేదాకా దుకాణం లైసెన్సు గడువు పొడిగించేది లేదన్నాడు.

మర్నాడు జహంగీర్ సాబ్ రావుగారి ఇంటికి వచ్చాడు. కోప్పడలేదు. తను ఇచ్చానంటున్న వస్తువును ఒకసారి చూపించమన్నాడు. చూపించక తప్పలేదు. ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, నంబరు మీద గోరు పెట్టి గీశాడు.

"కంపెనీల ముందు నంబరు కొడతరు సాబ్, తర్వాత నల్ల పూత వేస్తరు. గీతల లోపల గూడ నలుపే ఉండాలె. ఇక్కడ తెల్లగ మెరుస్తున్నది. ఇది పూత మీద కొట్టిన నంబరు."

రావుగారు తల దించుకున్నాడు. తప్పయిందని, ఇన్‌స్పెక్టరుతో తనొక్కడే వెళ్లి మాట్లాడతానని, ఈ సంగతి మనిద్దరి మధ్యే ఉండనిమ్మని బతిమాలాడు.

జహంగీర్ సాబ్ మ్యాగజైన్‌ను బల్లమీద పెట్టాడు. "దొంగనని చెప్పింది పదిమందిల. కాదని చెప్పేది ఒక్కని చెవులనా?" అని వెళ్లిపోయాడు.

రావుగారికి రెండు రోజులు అన్నం సహించలేదు. నిజం చెబితే ఇంత కాలం పోగుచేసిన ప్రతి వస్తువునూ అనుమానంగా చూస్తారు. చెప్పకపోతే ముసలాయన దుకాణం మూతపడుతుంది. మూడో రోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టరుకు అంతా రాసిచ్చాడు. ఆ ఆదివారం అదే మనుషులను అదే హాలుకు పిలిచి, ఆ నంబరు తను కొట్టించిందేనని, జహంగీర్ సాబ్ తనకు ఏమీ ఇవ్వలేదని నిలబడి చెప్పాడు. కొందరు లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఆయన నూనె సీసాను కూడా అసలుదేనని ఎవరూ నమ్మలేదు.

జహంగీర్ సాబ్‌కు లైసెన్సు వచ్చింది. తుపాకులు వెనక్కి తీసుకుపోయిన వాళ్లలో సగం మందే తిరిగి వచ్చారు. మిగతావాళ్లు, నిప్పు లేనిదే పొగ వస్తుందా అంటూ, ఈనాటికీ ఆ దుకాణం మెట్లెక్కలేదు. రావుగారు ఒక్కొక్కరి ఇంటికీ స్వయంగా వెళ్లి తప్పు తనదేనని చెప్పి వస్తున్నాడు.

నీతి: లేనిది లేదని ఒప్పుకుంటే పోయేది కాస్త గొప్పే, ఉందని బొంకితే పోయేది ఇంకొకరి పేరు, అది మళ్లీ పూర్తిగా తిరిగి రాదు.